రెండో ఖాళీ

నమ్మి చెడినవాళ్ళు లేరని పెద్దలంటారు. ఆ మాట అన్న పెద్దలెవరూ తుపాకులు బాగుచేసి బతికినవాళ్ళు కాదు. పెద్ద మేస్త్రీ ఆ సామెతను ఏనాడూ తన కొట్టు గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు.

ఆయన కొట్లో పద్ధతి వేరు. తుపాకీ తెచ్చినవాడు తల్లి మీద ఒట్టేసి లోపల ఏమీ లేదన్నా సరే, ముందు వెనక గడియలా ఉండే బోల్ట్ ఊడదీసి పక్కన పెట్టాల్సిందే. ఆ తర్వాత ఒకరు గొట్టం వెనకవైపు, తూటా కూర్చునే గూట్లోకి తొంగి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, "ఖాళీ" అని పైకి అనాలి. అప్పుడు రెండోవాళ్ళు, మొదటివాళ్ళ మాట చెవిన పడనట్టే, మళ్ళీ చూసి, మళ్ళీ వేలు పెట్టి, "ఖాళీ" అనాలి. రెండు ఖాళీలూ పడితేగానీ గోడకున్న కొయ్య సుత్తి కిందికి దిగదు.

కొట్లో ఉండేది ఇద్దరే, ఆయనా ఆయన కూతురూ. పన్నెండేళ్ళ కిందట ఆమె పనిలో చేరిన మొదటి రోజే ఆయన చెప్పాడు. "చూడు తల్లీ, మేడ మీద ఇంట్లో నేను నీ తండ్రిని. ఇక్కడ మాత్రం ఏదో ఒకరోజు తప్పు చెయ్యబోయే మనిషిని. నన్ను నమ్మావో, అయిపోయావే." ఆమె బుద్ధిగా తలూపి, పన్నెండేళ్ళూ ఆయన్ని నమ్మలేదు. ఇప్పుడామెను అందరూ చిన్న మేస్త్రీ అంటారు. తండ్రీకూతుళ్ళ మధ్య అంత చక్కటి అపనమ్మకం చుట్టుపక్కల ఇంకే ఇంట్లోనూ ఉండదు.

దాన్ని చెడగొట్టినవాడు తొందరన్న.

తొందరన్న ఒక పండ్లతోటకి కాపలాదారు. అతను కూర్చుంటే కుర్చీకే కంగారు పుడుతుంది. కిందటి వారం తుపాకీ పట్టీ కుట్టించుకోడానికి వచ్చి, వీళ్ళు వేరే ఎవరిదో తుపాకీ చూస్తుంటే పక్కన నిలబడ్డాడు. తండ్రి ఖాళీ అన్నాడు. కూతురు మళ్ళీ మొదటినుంచీ చూసింది. ఇంకో ఇద్దరు గిరాకీలు వింటుండగా తొందరన్న పకపకా నవ్వాడు.

"ఏం పెద్దాయనా, కన్నకూతురికే మీ మాట మీద నమ్మకం లేదే! ఇక మేమేం నమ్ముతాం?"

ఇంకెప్పుడైనా అయితే పెద్ద మేస్త్రీ "అదేరా మా గొప్ప" అని మీసం దువ్వేవాడు. ఆ రోజు మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. డెబ్భై నిండిన మనిషి, పది మందిలో అలా తల తిప్పుకోవడం కూతురి మనసులో ముల్లులా దిగింది. వారమంతా అది సలుపుతూనే ఉంది.

ఇవాళ పొద్దున పదకొండింటికి తొందరన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి భుజాన రైఫిలుంది.

"పందులు తోటంతా దున్నేస్తున్నాయి పెద్దాయనా. ఇదేమో వానలప్పటినుంచీ గోడకి వేలాడుతూనే ఉంది. దించి చూద్దును కదా, మూతినిండా మట్టి! కుమ్మరి పురుగు గూడు కట్టేసింది. మా బావమరిదేమో, ఒక్క తూటా పేలిస్తే మట్టి అదే ఎగిరిపోతుందన్నాడు."

"ఎగిరిపోయేది మట్టి కాదురా, నీ దవడ," అన్నాడు పెద్ద మేస్త్రీ. "ముందు దారి మూసుకుపోతే ఆ జోరంతా ఎటు పోతుంది? గొట్టం చీల్చుకుని నీ మొహం మీదికే వస్తుంది. ఆ బావమరిదికి నీ చెల్లెల్నిచ్చారా, నీ మీద పగ ఇచ్చారా?"

"అందుకేగా మీ దగ్గరికి తెచ్చింది," అన్నాడు తొందరన్న. అంటూ ఎందుకో గోడకున్న గొట్టాలు తోమే కడ్డీల వైపు చూశాడు.

పెద్ద మేస్త్రీ బోల్ట్ ఊడదీసి గుడ్డ మీద పెట్టాడు. కళ్ళద్దాలు దించుకోకుండానే వంగి చూశాడు. మామూలుగా అయితే వెనకనుంచి చూస్తే అవతలి మూతి వెన్నెల బిళ్ళలా కనబడుతుంది. గొట్టంలో మట్టి ఉంది గనక ఇవాళ చీకటి. చీకటిగా ఉండాల్సిందే కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. చిటికెన వేలు పెట్టి, తిప్పి, తీసి, "ఖాళీ" అన్నాడు.

ఇప్పుడు ఆమె వంతు. తొందరన్న అప్పుడే చంకలు గుద్దుకోడానికి సిద్ధంగా ఉన్నాడు, పెదాల చివర నవ్వు మొలుస్తోంది. ఆమె అతనికి వీపు తిప్పి, తుపాకీ మీదికి వంగి, వేలు గూటి అంచు మీద ఒక్క క్షణం ఆనించి తీసేసింది. లోపలికి చూడలేదు. "ఖాళీ" అంది, ఎన్నడూ లేనంత త్వరగా. ఒక్కసారికే ఏం కొంప మునుగుతుందనుకుంది. కొంపలు మునిగేది ఎప్పుడూ ఆ ఒక్కసారికే.

తండ్రి ఆమె వైపు చూడను కూడా లేదు. అప్పటికే కడ్డీ ఎంచుకుంటున్నాడు.

రైఫిలును తోలు ముక్కల మధ్య పెట్టి బల్లకున్న వైసులో బిగించారు, మూతి ఇసుక పెట్టె వైపు కాస్త కిందికి వాలేలా. ఇత్తడి కడ్డీని ముందు గొట్టం పక్కన బయటే ఆనించి, వెనక అంచునుంచి ముందు మూతిదాకా ఎంతుందో చూసి, అక్కడ ఎర్రదారం కట్టింది ఆమె. కడ్డీ లోపలికి పోయి దారం మూతిని తాకితే దారి పూర్తిగా దొరికినట్టు. ఇత్తడే ఎందుకంటే, ఉక్కు గొట్టాన్ని గీస్తుంది, కొయ్య లోపల విరిగి ఇంకో అడ్డు అవుతుంది. మట్టి మీద నూనె పోసి నానబెట్టారు.

"ఎంతసేపు?" అన్నాడు తొందరన్న.

"అది నానేదాకా," అన్నాడు పెద్ద మేస్త్రీ.

అమ్మ మేడ మీదినుంచి పొగలు కక్కే టీ తెచ్చింది. తొందరన్న గ్లాసును తువ్వాలుతో పట్టుకున్నాడు. పెద్ద మేస్త్రీ ఉత్త చేత్తో గ్లాసు నడుం పట్టుకుని నింపాదిగా తాగాడు.

"అవి చేతులా, పట్టకార్లా?" అంది అమ్మ.

"నలభై ఏళ్ళు ఇనుముతో కాపురం మరి," అన్నాడాయన. అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది.

గంట గడిచాక ఆమె మర మొన ఉన్న కడ్డీని ముందునుంచి దించి మెల్లగా తిప్పింది. నానిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా పళ్ళెంలో పడింది. మట్టితోబాటు ఎండిపోయిన సాలీళ్ళు, పురుగు తన పిల్లల కోసం దాచుకున్న తిండి. మట్టి రావడం ఆగాక ఆమె దారం కట్టిన కడ్డీ దించింది. గొట్టంలో సగం దాటి, ముప్పాతిక దాటి, పోయి పోయి ఆగింది.

"ఇంకో గది కట్టినట్టుంది," అన్నాడు పెద్ద మేస్త్రీ. "కుమ్మరి పురుగు ఒక్క గదితో సరిపెట్టుకోదు. రెండు దెబ్బలు వెయ్యి. వెలుగొస్తుందేమో నేను వెనకనుంచి చూస్తా."

ఆయన పీట లాక్కుని వెనక కూర్చున్నాడు. కళ్ళద్దాలు ఇంకా నుదుటి మీదే ఉన్నాయి. ఒక కన్ను మూసి, రెండో కన్ను గూటికి ఆనించాడు. తొందరన్న ఆయన భుజం మీదినుంచి మెడ సాచాడు. ఆమె ముందువైపు నిలబడి, ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, కుడి చేత్తో కొయ్య సుత్తి తీసుకుంది.

ఒక దెబ్బ.

"చీకటే," అన్నాడు తండ్రి.

రెండో దెబ్బ. కడ్డీ కదల్లేదు.

"చీకటే. ఇంకొకటి. కాస్త గట్టిగా."

మూడో దెబ్బ వేసింది. మట్టి మీద దెబ్బ పడితే చేతికి మెత్తగా తెలుస్తుంది, శబ్దం దబ్ మంటుంది. ఇది టంగ్ మంది. ఆ అదురు కడ్డీ వెంట వచ్చి ఆమె పళ్ళకు తగిలింది. ఆమె దారం వైపు చూసింది. దారం గొట్టం మూతికి ఇంకా బెత్తెడు బయటే ఉంది. అంటే కడ్డీ గొట్టమంతా దాటేసి, చిట్టచివర, గూటి దగ్గర ఆగింది. గూటిని నింపేసి, బెత్తెడు పొడవుండి, కొడితే టంగ్ మనేది ఈ లోకంలో ఒక్కటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గూట్లో వేలు పెట్టింది తండ్రి ఒక్కడే. తను పెట్టలేదు.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కడ్డీకి ఇటు చివర తన గుండె ఉంది, అటు చివర తండ్రి కన్ను ఉంది, నడుమ మూడు దెబ్బలు తిన్న తూటా ఉంది. తూటాను కొట్టాల్సింది వెనకనుంచి గదా, మొన మీద కొడితే ఏమవుతుందని ఎవరైనా అనొచ్చు. ఏమీ కాకపోవచ్చు. అయితే ఏ తూటా కూడా ఎవరికీ అలా మాట ఇవ్వలేదు. వెనక బోల్ట్ కూడా లేదు, పేలితే ఆ ఇత్తడి పెంకు తిన్నగా పోయేది ఆయన కంట్లోకే.

"ఏమే, నిద్రపోయావా? ఇంకో దెబ్బ," అన్నాడు తండ్రి, కన్ను తియ్యకుండానే.

అరుద్దామనుకుంది. ఈ కొట్లో అరవకూడదు. అరిస్తే మనుషులు ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడ్డ చేతులు ఏం తగిలిస్తాయో తెలియదు. పైగా తండ్రిని లేవమంటే ఎందుకని అడుగుతాడు, అడిగి, చూద్దామని ఇంకా దగ్గరికి వంగుతాడు. ఆయన్ని ఎరగదా.

"నాన్నా," అంది. "నా కంట్లో మట్టి పడింది. మండిపోతోంది. ఒక్కసారి రావా."

అది చాలింది. ఆయన పీట తన్నేసి లేచాడు. "రుద్దకు, రుద్దకు! వస్తున్నా." ఆమె కడ్డీని ఇంచీ ఇంచీ చొప్పున వెనక్కి లాగుతూ, తను కూడా మూతి ముందునుంచి పక్కకు జరిగింది. కడ్డీ బయటికి వచ్చేసరికి ఆయన ఆమె దగ్గరికొచ్చి రెప్ప విప్పబోయాడు. ఆ వేళ్ళు రెప్పను మరీ గట్టిగా నొక్కాయి. ఎంత నొక్కుతున్నాయో ఆ వేళ్ళకే తెలిసినట్టు లేదు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని గోడవారకు లాగింది. "అన్నా, నువ్వూ ఇటు రా. తుపాకీ వెనక నిలబడకు. మెల్లగా రా."

"ఏమైంది?" అన్నాడు తండ్రి.

"లోపల తూటా ఉంది నాన్నా."

మాట్లాడింది తొందరన్న. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న... ఒక్కసారి మీట నొక్కాను," అన్నాడు. "బావమరిది అన్నాడు గదా అని. టక్ మంది, పేలలేదు. బోల్ట్ లాగితే ఏమీ బయటికి రాలేదు. అసలు తూటా లోపలికి ఎక్కనేలేదేమో అనుకున్నా. చెబితే తిడతారని..."

ఆమె గుడ్డ మీదున్న బోల్ట్ తీసి వెలుగులో చూసింది. తూటాను పట్టి వెనక్కి లాగే చిన్న కొక్కెం విరిగిపోయి ఉంది. అందుకే బోల్ట్ వచ్చింది, తూటా రాలేదు. అంటే అది మామూలు తూటా కూడా కాదు, ఒకసారి వెనకనుంచి బోల్ట్ లోపలి సూది దెబ్బ తిని పేలకుండా ఊరుకున్న తూటా. ఎందుకు ఊరుకుందో, ఇంకెంతసేపు ఊరుకుంటుందో ఎవరికి తెలుసు? నిన్న తోటలో అది పేలి ఉంటే మట్టితో మూసుకుపోయిన గొట్టం చీలి తొందరన్న మొహం ఏమయ్యేదో, అతనికిప్పుడే కనబడింది కాబోలు, గోడకు ఆనుకుని అలాగే జారి కింద కూర్చున్నాడు. తొందరన్న కదలకుండా కూర్చోవడం ఆ కొట్లో అదే మొదలు.

ముగ్గురూ వీధి గుమ్మం దగ్గరే అరగంట ఉన్నారు. మేడ మీదినుంచి అమ్మను కిందికి రావద్దన్నారు. లోపల రైఫిలు ఇసుక పెట్టె వైపు మూతి పెట్టుకుని ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. గడియారం చప్పుడుకే ఆమె అదిరిపడుతోంది.

"నేను తీస్తా," అంది చివరికి, ఆయన కాదంటాడని తెలిసే. కష్టమైన పనులు ఆయన ఏనాడూ ఎవరికీ వదల్లేదు.

"నువ్వే తియ్యి," అన్నాడు తండ్రి.

ఆ మాటకు ఆమెకు తూటా కంటే ఎక్కువ భయమేసింది.

ముందునుంచి ఇంక ఏదీ పెట్టలేదు, ఏదీ కొట్టలేదు. వెనక గూటి అంచు చుట్టూ రెండు చుక్కల నూనె వదిలి, మళ్ళీ పక్కకొచ్చి, అది దిగేదాకా ఆగింది. తర్వాత దళసరి రేకొకటి అడ్డు పెట్టి, దాని చాటున నిలబడి, తల వెనక్కి పెట్టి, చెయ్యొకటే చాచి, సన్నటి ఇత్తడి కొక్కెంతో తూటా అంచు వెతికింది. మొదటిసారి జారింది. రెండోసారి జారింది. చెమట కంట్లోకి దిగి నిజంగానే మండింది. మూడోసారి కొక్కెం పట్టింది. లాగలేదు, ఊరికే బరువు ఆనించి పట్టుకుంది. ఏదో కదిలింది. నల్లగా, చిలుం పట్టి, ఆ తూటా గూట్లోంచి మెల్లగా జారి ఆమె అరచేతిలో పడింది.

దానికి వెనక సూది కొట్టిన గుంట ఉంది. ముందు మొన మీద ఆమె కొట్టిన మూడు దెబ్బల మచ్చ ఉంది. దాన్ని విడిగా ఇసుక డబ్బాలో పెట్టి, మూత మీద పేలని తూటా అని రాసి, పద్ధతి ప్రకారం పోలీసు స్టేషనులో అప్పగించడానికి పక్కన ఉంచింది.

తండ్రి పీట మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా వేలికి తగల్లేదు," అన్నాడు. "తగలదు. ఏడాదైంది తల్లీ, ఈ వేళ్ళకి ఏమీ తెలియడం లేదు. షుగరు తినేసింది. వేడీ తెలీదు, చలీ తెలీదు. మీ అమ్మకి చెప్పలేదు. చెబితే కొట్టు మూసెయ్యమంటుంది."

"ఏడాదా? మరి రోజూ ఖాళీ అంటున్నావుగా!"

"నువ్వు చూస్తావుగా అని." ఆయన తల ఎత్తలేదు. "నావి ఉత్తుత్తి ఖాళీలే. నీ ఖాళీ మీదే కొట్టు నడుస్తోంది. కిందటి వారం వీడు నవ్వినప్పుడు, నా గుట్టు తెలిసిపోయిందేమోనని భయమేసింది." అప్పుడు తలెత్తి ఆమె వైపు చూశాడు. "మరి ఇవాళ నీ వేలికెందుకు తగల్లేదు?"

ఆమెకు ఏడుపొచ్చింది. "నేను వేలు పెట్టలేదు నాన్నా. వీళ్ళ ముందు నిన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక, ఊరికే అనేశా. నువ్వు చూశావు గదా అని."

"నన్ను నమ్మావా?" అన్నాడాయన. దొంగతనం చేశావా అని అడిగినట్టు అడిగాడు. ఆమె తలూపింది. ఆయన కళ్ళల్లో కోపం రాలేదు, భయం వచ్చింది. ఏడాదిగా దాచుకున్న భయమంతా ఒక్కసారే వచ్చింది. ఇవాళ ఈ కొట్లో ఇద్దరు మనుషులు ఖాళీ అన్నారు, ఒక్కరూ నిజంగా చూడలేదు. ఆమె వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుని ఆ వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది. తను పట్టుకున్న సంగతి కూడా వాటికి తెలియదు.

తొందరన్న గోడ దగ్గరనుంచి అన్నాడు. "మిగతా మట్టి రేపు తియ్యొచ్చులెండి. నాకేం తొందర లేదు." ఆ మాటకు ఇంకోరోజయితే నవ్వేవాళ్ళు.

"మొదలెట్టిన పని సగంలో వదలకూడదు," అన్నాడు పెద్ద మేస్త్రీ.

ఆమె లేచింది. గూట్లోకి టార్చి వేసి చూసింది. చిటికెన వేలు లోపలికంటా పెట్టి, చల్లటి ఇనుము వేలిచుట్టూ తగిలేదాకా తిప్పింది. "ఖాళీ" అంది. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ రెండో ఖాళీ కోసం ఆగింది.

తండ్రి తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుని, ఆమె చేతిలోంచి టార్చి తీసుకున్నాడు. వంగి చూశాడు. వేలు పెట్టలేదు. దారం కట్టిన కడ్డీ అడిగి తీసుకుని, వెనకనుంచి గొట్టంలోకి దించాడు. అది మిగిలిన తడిమట్టిని నెట్టుకుంటూ పోయి ముందు మూతిదాకా వచ్చేసరికి, దారం వెనక అంచును తాకింది. కడ్డీ తీసి మళ్ళీ చూశాడు. అవతలి వెలుగు గుండ్రంగా ఆయన కంటిమీద పడింది.

"ఖాళీ," అన్నాడు. టార్చి ఆమె చేతికిచ్చాడు.

"నమ్మకు," అన్నాడు.

ఆమె నమ్మలేదు. కళ్ళు తుడుచుకుని, వంగి, మళ్ళీ మొదటినుంచీ చూసింది.